గెస్ట్ రూమ్ సీలింగు మీద గోధుమ బీరు

దోసెల పిండి రుబ్బి పెట్టేటప్పుడు గిన్నె సగం ఖాళీగా ఉంచాలని మన ఇళ్ళల్లో ఎవరూ ఎవరికీ పాఠం చెప్పరు. ఎండాకాలం పొద్దున్నే లేచి స్టవ్ గట్టు మీద ఎండి అట్టకట్టిన పిండిని ఒక్కసారి గీకినవాళ్ళకి ఇంక చెప్పక్కర్లేదు. అలాంటి ఇంట్లో పెరిగినవాడే డాలస్ చేరి, అయిదు గ్యాలన్ల గాజు సీసాలో కచ్చితంగా అయిదు గ్యాలన్ల బీరు పోస్తాడు. మెడదాకా. చుక్క వృథా కాకూడదు మరి.

ఈ పిచ్చి పట్టేది సాధారణంగా సెలవుల్లో. తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీల, అంటే అక్కడికక్కడే బీరు కాచి పోసే చోట్ల, నిబంధనలు వచ్చాక హైదరాబాదులో అద్దాల గోడ వెనక స్టీలు ట్యాంకులు మెరవడం మొదలైంది. స్నేహితులు లాక్కెళ్ళి గోధుమ బీరు పోయిస్తారు. అరటిపండు వాసన, వెనకాలే లవంగం ఘాటు. ‘ఇందులో అరటిపండు వేశారా?’ అని అడిగితే, ‘లేదు సార్, అంతా ఈస్టు మహిమే’ అంటాడు అక్కడి కుర్రాడు. తిరుగు విమానం ఎక్కేసరికి ఫోనులో సామాను ఆర్డరు అయిపోతుంది.

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవచ్చు. 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అమ్మకానికి కాకుండా. మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే తలుపు తట్టేది ఎక్సైజువాళ్ళు. అందుకే ఫోనులో ‘బీరు కాస్తున్నానమ్మా’ అంటే అవతల గుండె గుభేలుమంటుంది: ‘అంత చదువు చదివి బట్టీ పెట్టావట్రా?’ బట్టీలో ఆవిరి పట్టి సారా దించుతారు, ఇందులో అలాంటిదేమీ ఉండదు, ఇది దోసెల పిండికి దగ్గరి చుట్టం అని చెప్పినా ఆవిడ నమ్మదు.

అయిదు గ్యాలన్లకి, అంటే 19 లీటర్లకి, గోధుమ మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు, 2.7 కిలోలు, బార్లీ మాల్టు 1.8 కిలోలు. గింజల్ని బరకగా పగలగొట్టి 66 డిగ్రీల నీళ్ళలో గంటసేపు నానబెడితే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. వడకడితే వచ్చే తియ్యటి నీళ్ళే వర్ట్. దాన్ని ఇంకో గంట మరిగిస్తూ మొదట్లోనే 28 గ్రాముల హాప్స్, అంటే బీరుకి చేదునిచ్చే పువ్వులు, వెయ్యాలి. మొదటి పొంగు ఇక్కడే. మరగడం మొదలయ్యే క్షణంలో మాంసకృత్తులు విరిగి నురగ కట్టి గిన్నె అంచు దాటేస్తాయి. గృహప్రవేశంలో పాలు పొంగితే శుభం. వర్ట్ పొంగితే స్టవ్ మీద నల్లటి పాకం, రెండు రోజుల బ్లేడు పని. 30 లీటర్ల గిన్నె పెట్టి, పొంగు కనపడగానే మంట తగ్గించేవాడికి ఈ బాధ లేదు. మనవాడు సరిగ్గా అప్పుడే ఫోను చూసుకుంటాడు.

తరవాత 20 డిగ్రీలకి చల్లార్చి, ఈస్టు ప్యాకెట్టు చల్లి, ఎయిర్‌లాక్ బిగించాలి. అదో చిన్న ప్లాస్టిక్ బుడ్డి. అందులోని నీళ్ళగుండా లోపలి గ్యాసు బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. ఇక సీసా ఎక్కడ పెట్టాలి? జులైలో డాలస్ గరాజు పొయ్యిలా ఉంటుంది. చల్లగా, చీకటిగా ఉండేది గెస్ట్ రూమ్‌లో బట్టలు పెట్టుకునే అర, క్లాజెట్టు. అందులో ఊరినుంచి వచ్చిన అత్తగారి సూట్‌కేసు ఉందన్నది చిన్న విషయం.

మర్నాటికి ‘బుడుక్... బుడుక్’ మొదలవుతుంది. ఆయన ప్రతి గంటకీ తలుపు తీసి, పసిబిడ్డ ఊపిరి చూసినట్టు చూసి వెళ్తాడు. సాయంత్రానికి అది ‘బుడుకుబుడుకుబుడుకు’. రాత్రి పదింటికి చప్పుడు ఆగిపోతుంది. పులియడం అయిపోయిందనుకుని సంతోషంగా పడుకుంటాడు.

అయిపోలేదు. ఎయిర్‌లాక్ కన్నాలు మూసుకుపోయాయి.

గోధుమలో మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి నురగ గట్టిగా నిలబడుతుంది. పైగా గోధుమ బీరు ఈస్టు పైకి తేలే రకం. ఆ నురగ, బ్రూయర్ల భాషలో క్రౌజెన్, జానెడు ఎత్తు లేస్తుంది. మెడదాకా నింపిన సీసాలో దానికి చోటేది? హాప్స్ తుక్కునీ జిగురునీ మోసుకుని బుడ్డిలోకి దూరి బిరడా కొట్టేస్తుంది. లోపల ఈస్టు మాత్రం సెలవు పెట్టదు. అయిదు శాతం బీరు 19 లీటర్లు తయారయ్యేలోపు పుట్టే కార్బన్ డయాక్సైడు దాదాపు 400 లీటర్లు, అదీ చాలాభాగం రెండు మూడు రోజుల్లోనే.

రాత్రి రెండింటికి ‘ఢాం’.

ముందు ఎయిర్‌లాక్ క్లాజెట్టు కప్పుకి కొట్టుకుంటుంది. దాని వెనకే నురగ. లేత గోధుమరంగు, మధ్యమధ్య పచ్చటి పేడముద్దల్లాంటి హాప్స్. డాలస్ ఇళ్ళ సీలింగు గరుకుగా ఉంటుంది కాబట్టి ఒక్క చుక్క కూడా కింద పడకుండా అతుక్కుంటుంది. మిగిలినది సూట్‌కేసు మీద. పట్టుచీరలు లోపల ప్లాస్టిక్ కవర్లలో ఉండబట్టి కాపురం నిలబడుతుంది. ‘అల్లుడుగారూ, ఇంట్లో అరటిపండ్లు కుళ్ళాయా?’ అన్నది ఆవిడ తొలిపలుకు.

బిరడా ఎగరడం అదృష్టం, సీసా పగలలేదు. గాజు పెంకులు చీర కవర్లని లెక్కచెయ్యవు. 25 లీటర్ల ప్లాస్టిక్ బకెట్టులో 19 లీటర్లే పోసి, ఎయిర్‌లాక్ బదులు అంగుళం లావు గొట్టం పెట్టి, రెండో కొస శానిటైజర్ నీళ్ళ బకెట్టులో ముంచితే నురగ దానంతటదే అందులోకి దిగేది. మైక్రోబ్రూవరీల వాళ్ళూ వెయ్యి లీటర్ల బీరుకి అంతకంటే పెద్ద ట్యాంకే పెడతారు, దాని కింద కూడా ఒక గొట్టం, ఒక బకెట్టు ఉంటాయి. అద్దాల గోడలోంచి మెరిసే ట్యాంకునే చూసినవాడికి ఆ బకెట్టు కంటపడదు.

బీరు మాత్రం పాడవలేదు. గ్యాసు బయటికి తోస్తున్నంతసేపూ గాలి లోపలికి రాదు. మూతిని శానిటైజర్‌తో తుడిచి గొట్టం పెడితే మిగిలిన 16 లీటర్లు రెండు వారాల్లో సిద్ధం. అసలు భయం ఆ తరవాత. చిన్న సీసాల్లో నింపేముందు బీరులో బుడగల కోసం కలిపే పంచదార లీటరుకు ఆరేడు గ్రాములు, అంటే 16 లీటర్లకి దాదాపు 105. మనవాడు తూకం వెయ్యడు, అమెరికా కప్పుతో ఒక కప్పు పోస్తాడు. అంటే 200 గ్రాములు, మూత బిగించిన సీసా గ్యాసుకి పేలిపోయేంత. అది తెలిసేది మూతలన్నీ బిగించాక.

అందుకని ఆ 45 సీసాలూ ఈసారి హాల్లో బాత్‌రూమ్ టబ్బులో చేరతాయి, పైన రెండు దుప్పట్లు, కర్టెన్ లాగి. రోజుకోసారి గ్లవ్సూ కళ్ళద్దాలూ పెట్టుకుని వెళ్ళి, ఒక్కో మూతా కొంచెం ఎత్తి గ్యాసు వదిలి వస్తాడు. ఆ గ్యాసు తగ్గేదాకా అందరి స్నానాలూ అత్తగారి బాత్‌రూమ్‌లోనే, ఆవిడ పూజ అయ్యాక.