వలలు పనికిరావని ఎవరు చెప్పారు?

"యుక్రెయిన్ సైనికులకు చందాలివ్వడం బూడిదలో పోసిన పన్నీరే" అంటూ మొదలయ్యే మెసేజ్ ఒకటి కొన్నాళ్లుగా గ్రూపుల్లో తిరుగుతోంది. పంపేవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. ఒక్కరైనా చివరిదాకా చదివారా అన్నదే నా అనుమానం.

"దేశాలే వేల కోట్ల డాలర్లు ఇస్తుంటే మన చిల్లర దేనికి?" అన్నది మొదటి ప్రశ్న. ఆ డబ్బుతో క్షిపణులు, ఫిరంగి గుళ్లు వస్తాయి. నిన్న డ్రోన్ తగిలి కాలిపోయిన పికప్ బండికి బదులు ఇంకోటి కావాలంటే ఫైలు ఎన్ని టేబుళ్లు దాటాలి? అంతవరకూ గాయపడ్డవాణ్ణి దేంట్లో తెస్తారు?

"2022లో బైరక్తార్ డ్రోన్ల పేరుతో వసూలు చేసి మింగేశారు" అన్నది రెండోది. బైరక్తార్ అంటే టర్కీలో తయారయ్యే యుద్ధ డ్రోన్. యుక్రెయిన్‌లో చందాలు పోగుచేసే ప్రిటులా ఫౌండేషన్ అడిగితే మూడు రోజుల్లో దాదాపు 60 కోట్ల హ్రివ్నియాలు (అక్కడి డబ్బు) వచ్చిన మాట నిజం. తయారుచేసే బైకార్ కంపెనీ డబ్బు వద్దని మూడు డ్రోన్లు ఉచితంగా ఇచ్చింది. ఆ సొమ్ముతో ఫిన్లాండ్ కంపెనీ ఐస్‌ఐ ఉపగ్రహ సేవలు సైన్యానికి కొనిచ్చారు, ఆ సంగతి ఆగస్టులోనే అందరికీ చెప్పారు. మింగిందెవరు?

నాకు ఒళ్లు మండించింది మూడోది. "ఫైబర్ ఆప్టిక్ డ్రోన్లను ఏ జామరూ ఆపలేదు, కాబట్టి ఏం కొనిచ్చినా చావు తప్పదు." ఇందులో మొదటి సగం నిజమే. జామర్ అంటే డ్రోన్‌ను నడిపే రేడియో సిగ్నల్‌ను అడ్డుకునే పరికరం. ఈ రకం డ్రోన్ వెనకాల కిలోమీటర్ల కొద్దీ సన్నటి తీగ విప్పుకుంటూ వస్తుంది, దాన్ని నడిపేది ఆ తీగ ద్వారానే. రేడియో సిగ్నలే లేనప్పుడు జామర్ దేన్ని ఆపుతుంది? డ్రోన్ వస్తోందని హెచ్చరించే జేబు డిటెక్టర్ కూడా కూయదు.

అందుకే వలలు! రోడ్డుకు రెండు వైపులా గుంజలు పాతి, పైనా పక్కలా చేపల వలలు కడుతున్నారు. డ్రోన్ రెక్క వలలో చిక్కిందంటే చాలాసార్లు బండి బతికిపోతుంది. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ జాలర్లు 2025లో తమ పాత వలలు లారీల్లో పంపింది ఇందుకే. వాళ్లంతా తెలివితక్కువవాళ్లు, మెసేజ్ రాసినాయన ఒక్కడే యుద్ధనిపుణుడా? ఫిరంగి దెబ్బలకు ఆ వలలు చిరుగుతాయి, మంచు బరువుకు కుంగుతాయి. మళ్లీ కట్టాలి, మళ్లీ కొనాలి. పైగా రేడియోతో నడిచే డ్రోన్లు ఇంకా బోలెడు ఎగురుతున్నాయి, వాటికి జామర్ కూడా కావాలి. శత్రువు ఫ్రీక్వెన్సీ మార్చినప్పుడల్లా కొత్తది కావాలి.

వల లేని దారిలో బండి పోలేదు. గాయపడ్డవాడు గుంటలోనే గంటల తరబడి ఎదురుచూడాలి. రక్తం ఆగడానికి తొడకు బిగించిన పట్టీ అన్ని గంటలు అలాగే ఉంటే ప్రాణం దక్కినా కాలు దక్కకపోవచ్చు. అతన్ని తేవడానికి పంపే చక్రాల రోబోలకు కూడా చందాలు పోగుచేస్తున్నారు. "ఏం కొనిచ్చినా చావు తప్పదు" అని ఆ గుంటలో ఉన్నవాడితో అనగలరా?

ఒకటి ఒప్పుకుంటాను. సైనికుడు తన ప్రాణం కాపాడే వస్తువు కోసం తానే చందా అడగాల్సి రావడం ఆ ప్రభుత్వానికి సిగ్గుచేటు. దొంగ వసూళ్లూ ఉన్నాయి. ఏ దళానికి, ఏ వస్తువు, రసీదు ఏదని అడగండి. కమ్ బ్యాక్ అలైవ్ లాంటి సంస్థలు జమాఖర్చులు వెబ్‌సైట్‌లోనే పెడతాయి. చూసి నమ్మకం కుదరకపోతే మానేయండి, మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. ఇచ్చేవాళ్ల చెయ్యి పట్టుకుని ఆపే ఈ మెసేజ్‌ను మాత్రం ఇంకొకరికి పంపకండి.