బొమ్మ పోయింది సరే, రికార్డింగ్ ఏది?

2014 ఫిబ్రవరి 18 మధ్యాహ్నం. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లుపై లోక్‌సభ నిర్ణయం తీసుకుంటుండగా ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. ఏళ్ల తరబడి ఆ గడియ కోసం ఎదురుచూసిన తెలంగాణ గానీ, అది రాకూడదని కోరుకున్న సీమాంధ్ర గానీ దాన్ని కళ్లారా చూడలేకపోయాయి. లోక్‌సభ టీవీ ఇచ్చిన సంజాయిషీ రెండు మాటలు: సాంకేతిక లోపం.

విభజన మంచిచెడ్డలు వేరే సంగతి. మా అభ్యంతరం ఆ రెండు మాటల మీదే.

సభలోని కెమెరాల దృశ్యం ముందు కంట్రోల్ రూమ్‌లో ఏ కెమెరా బొమ్మ వెళ్లాలో ఎంచే స్విచ్చర్‌కు చేరుతుంది. అక్కడి నుంచి ఒక దారి రికార్డింగ్‌కు, ఇంకో దారి ఉపగ్రహానికి పంపే అప్‌లింక్‌కు. అప్‌లింక్ చెడితే ఇళ్లలో బొమ్మ పోతుంది గానీ రికార్డింగ్ పోదు. అదీ పోయిందంటే లోపం స్విచ్చర్ దగ్గరో అంతకు ముందో ఉండాలి. ఏ పరికరం, ఎన్నింటికి, ఎన్ని నిమిషాలన్నది ఇంజినీర్ల లాగ్‌బుక్‌లో రాసుకోవాల్సిన విషయం. ఆ పుట చూపకుండా లోపమంటే ఎలా నమ్మాలి?

పైగా బిల్లు నెగ్గింది మూజువాణి ఓటుతో. అందులో తలల లెక్క ఉండదు, ఏ పక్షం గొంతు పెద్దదో సభాపతి చెవే తేలుస్తుంది. అచ్చయిన సభా కార్యక్రమాల్లో మిగిలేది ప్రతిపాదన ఆమోదం పొందిందన్న ముక్క. ఆ గొంతులకు సాక్ష్యం శబ్దంతో కూడిన రికార్డింగ్ ఒక్కటే.

అయిదు రోజుల ముందే సభలో పెప్పర్ స్ప్రే చల్లారు కదా, ఆ రభస దేశానికి చూపాలా అనేవారున్నారు. చూపక్కర్లేదనుకుంటే ఆపామని చెప్పి ఆపాలి, రికార్డింగ్ సాయంత్రానికి ఇవ్వాలి.

అప్పుడు ఎవరూ గట్టిగా నిలదీయలేదు, అదే ఆనవాయితీ అయింది. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో సాగు బిల్లులపై ప్రతిపక్షం ఓట్లు లెక్కించమంటుండగా ప్రసారంలో శబ్దం పోయింది. బిల్లులు మళ్లీ మూజువాణితోనే గట్టెక్కాయి. 2014లో ప్రసారం ఆగడాన్ని ప్రశ్నించిన బీజేపీయే ఈసారి అధికారంలో ఉంది, 2014లో ఏలిన కాంగ్రెస్సే ఈసారి గగ్గోలు పెట్టింది.

లోక్‌సభ, రాజ్యసభ టీవీలు కలిసి ఏర్పడిన సంసద్ టీవీ ఇకనైనా ప్రతి కెమెరానూ, మైకుల శబ్దాన్నీ టైమ్‌కోడ్‌తో (ప్రతి ఫ్రేముకూ వేసే సమయ ముద్రతో) విడివిడిగా రికార్డు చేయాలి. రెండు ప్రతులు రెండు ఊళ్లలో ఉండాలి. టేపు బీరువాలో పెట్టి మరిచిపోతే చాలదు: డేటా దాచే ఎల్‌టీఓ టేపుల్లో ఎనిమిదో తరం ఎల్‌టీఓ-8 డ్రైవు ఎల్‌టీఓ-7 టేపును చదువుతుంది, ఎల్‌టీఓ-6ను చదవలేదు. తరం మారినప్పుడల్లా కొత్త టేపులోకి ఎక్కించి, ప్రతి చెడలేదని తేల్చే అంకె, చెక్‌సమ్, సరిచూడాలి.

అంతకంటే ముందు, ఫిబ్రవరి 18 నాటి ప్రతి కెమెరా రికార్డింగూ, ఆ లాగ్‌బుక్ పుటా బయటపెట్టండి. ఉన్నవి దాచినా, దాచాల్సినవి పోగొట్టినా తప్పు మీదే. రెంటిలో ఏదో ఒప్పుకోండి.