సవరణ: 1911 షీల్డ్ ఫైనల్, మోహన్ బగాన్ జట్టు

కలకత్తా మోహన్ బగాన్ ఫుట్‌బాల్ క్లబ్ (స్థాపన 1889) చరిత్రపై పెట్టిన పోస్టులో రెండు విషయాలు సరిచేస్తున్నాం.

మొదటిది, 1911 జూలై 29న ఐఎఫ్‌ఏ షీల్డ్ (ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ టోర్నీ) ఫైనల్లో జట్టులోని 11 మందీ బూట్లు లేకుండా ఆడారని రాశాం. నిజానికి 10 మందే. డిఫెండర్ సుధీర్ చటర్జీ బూట్లు వేసుకున్నారు. ఆయన పేరు కూడా అందరికీ తెలియాలి. అంతమాత్రాన ఆ గెలుపు చిన్నదైపోదు. ఎదుట ఉన్నది బూట్లు తొడుక్కున్న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ సైనికులు. మొదటి గోల్ వాళ్లదే. తర్వాత కెప్టెన్ శివదాస్ భాదురి స్కోరు సమం చేశారు, చివర్లో అభిలాష్ ఘోష్ రెండో గోల్ కొట్టారు. 2-1. ఆ షీల్డ్ గెలిచిన తొలి భారతీయ జట్టు ఇదే, అందులో మార్పు లేదు.

రెండోది, బ్రిటిష్ జట్టును భారతీయులు ఓడించడం అదే మొదటిసారి అన్న వాక్యం తీసేశాం. 1892లోనే ట్రేడ్స్ కప్ అనే ఫుట్‌బాల్ టోర్నీలో శోభాబజార్ క్లబ్ ఈస్ట్ సర్రే రెజిమెంట్‌ను ఓడించింది. మోహన్ బగాన్ కూడా 1911కు ముందే ట్రేడ్స్ కప్ గెలిచింది. పాత పోస్టును షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా షేర్ చేయండి.