సవరణ: బాండ్లు ఎక్కువ కొన్నది మేఘా కాదు

ఎలక్టోరల్ బాండ్లు, అంటే రాజకీయ పార్టీలకు విరాళం ఇవ్వడానికి 2024 దాకా స్టేట్ బ్యాంకు అమ్మిన పత్రాలు, అందరికంటే ఎక్కువ కొన్నది మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగేనని నిన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, క్షమించండి. 2024 మార్చిలో ఎన్నికల సంఘం బయటపెట్టిన లెక్కల్లో మొదటి స్థానం లాటరీల కంపెనీ ఫ్యూచర్ గేమింగ్‌ది, 1,368 కోట్లు. మేఘాది 966 కోట్లతో రెండో స్థానం.

అయితే ఎవరు ఏ పార్టీకి డబ్బిచ్చారో మనకు ఇన్నాళ్లూ తెలియలేదన్న నా అసలు బాధ మాత్రం అలాగే ఉంది. బాండు కాగితం మీద కొన్నవారి పేరు ఉండేది కాదు. మామూలు కంటికి కనపడని ఒక నంబరు ఉండేది, అతినీలలోహిత కాంతి కింద పెడితేనే కనిపించేది. కొన్నవారిని, డబ్బు అందుకున్న పార్టీని జతచేసేది ఆ నంబరే. ఆ నంబర్లను కూడా స్టేట్ బ్యాంకు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు పట్టుబట్టాకే, ఎవరి డబ్బు ఏ పార్టీకి చేరిందో ఓటేసిన మనకు తెలిసింది. అప్పటికి బాండ్లు మొదలై ఆరేళ్లు.