మోకాళ్లకు సగటు తెలియదు

పింఛను ఖజానా కరిగిపోతోందనగానే ప్రభుత్వాలకు ముందుగా తట్టేది రిటైర్మెంట్ వయసు. 62ను 64 చేసే చట్టాన్ని ఫ్రాన్స్ 2023లో దిగువసభలో తుది ఓటింగ్ లేకుండానే నెట్టేసింది. చైనా 2025 నుంచి మగవాళ్ల వయసును 60 నుంచి 63కు మెల్లగా జరుపుతోంది. డెన్మార్క్ అయితే 2040 నాటికి 70 అనేసింది.

లెక్క తప్పని అనను. ఇవాళ్టి ఉద్యోగి కట్టే చందాయే ఇవాళ్టి ముసలాయన చేతికి వెళ్లే పద్ధతి ఇది. జపాన్‌లో ఒక్కో వృద్ధుడికి పనిచేసే వయసువాళ్లు ఇద్దరే మిగిలారు. ఆయుష్షు పెరిగింది కదా, ఇంకో రెండేళ్లు పనిచేస్తే పోయేదేముంది అనేవాళ్ల మాట కొట్టిపారేసేది కాదు.

కానీ పెరిగింది ఎవరి ఆయుష్షు? ఫ్రాన్స్‌లోనే 2012-16 లెక్కలు చూడండి: బాగా డబ్బున్న 5 శాతం మగవాళ్లకూ అట్టడుగు 5 శాతానికీ ఆయుష్షులో తేడా 13 ఏళ్లు! పద్దెనిమిదో ఏట తాపీ పట్టినవాడు 62 దాకా లాక్కొస్తే 44 ఏళ్లు చందా కట్టినట్టు. అప్పటికి అతను నిచ్చెన ఎక్కే తీరు వేరు. ఒక కాలు మెట్టు మీద పెట్టి, మోకాలిని అరచేత్తో అదిమి, ఆగి, అప్పుడు రెండో కాలు లేపుతాడు. చదువు ముగించి ముప్పయ్యో ఏట కుర్చీలో కూర్చున్నవాడు 64కు దిగినా కట్టింది 34 ఏళ్లే. పదేళ్లు ఎక్కువ కట్టినవాడు ముందే పోతాడు, అతని వాటా రెండోవాడు తింటాడు. పేదవాడి నుంచి ఉన్నవాడికి సాగే ఈ బదిలీకి సంస్కరణ అని పేరు పెట్టారు. కొలవాల్సింది వయసును కాదు, చందా కట్టిన ఏళ్లను. ఇన్నేళ్లు కట్టావా, ఇంటికెళ్లు. అంతే.

అసలు పని అంటే ఏమిటో కూడా ఈ లెక్కలు రాసేవాళ్లు తేల్చుకోలేదు. చైనాలో ఫ్యాక్టరీ ఆడవాళ్ల రిటైర్మెంట్ 50 నుంచి 55కు పోతోంది. అక్కడ ఎన్నో ఇళ్లలో పసిపిల్లల్ని సాకేది అమ్మమ్మలూ నాన్నమ్మలే. ఆమెను ఇంకో అయిదేళ్లు మెషిన్ దగ్గర నిలబెడితే కూతురు రెండో బిడ్డను ఏ ధైర్యంతో కంటుంది? రేపటి చందాదారు పుట్టకుండా పోయేది అక్కడే. అయినా ఆ నష్టం ఏ పద్దులోకీ ఎక్కదు.

జర్మనీ కొంత నయం. 1992 నుంచి పుట్టిన ఒక్కో బిడ్డ పెంపకానికి మూడేళ్లు చందా కట్టినట్టే జమ వేస్తుంది. మామూలుగా అది తల్లికో తండ్రికో. అమ్మమ్మ ఖాతాలో మాత్రం సున్నా.