ఏడాదికి ఒక్క బార్జి, అది కూడా రాకపోతే?

బార్జి, అంటే సరుకు మోసే చదునైన పెద్ద పడవ, రాకపోతే ప్రభుత్వం తప్పును మంచు మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవడం ఇక ఆపాలి. కెనడాలో ఆర్కిటిక్ తీరం పొడవునా ఉన్న చిన్న చిన్న ఊళ్ల గురించి చెబుతున్నాను. నేనుండేది అక్కడి నార్త్‌వెస్ట్ టెరిటరీస్ ప్రాంతంలోని ఇనువిక్‌ అనే ఊళ్లో. మాకు దక్షిణం నుంచి వచ్చే డెంప్‌స్టర్ హైవే ఉంది, లారీలు వస్తాయి. నదులు గడ్డకట్టే రోజుల్లో, మళ్లీ కరిగే రోజుల్లో అటు ఫెర్రీ నడవదు, ఇటు మంచు మీద దారీ ఉండదు, కొన్ని వారాలు రోడ్డు తెగిపోతుంది. కొట్లో పాలు, కూరగాయల అరలు ఖాళీ అయిపోతే అందరం తిట్టుకుంటాం. అయినా మాది ఎంతో నయం. పౌలటుక్ వాళ్లకు తెగిపోవడానికి అసలు రోడ్డే లేదు.

పౌలటుక్ మూడొందల మంది అటూ ఇటూగా ఉండే ఊరు, అక్కడి ఆదివాసులైన ఇనువియలూయిట్‌లది. చిన్న విమానాలు వస్తాయి. కానీ ఇల్లు కట్టుకోవడానికి ప్లైవుడ్డు, పడవ మోటారు, స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి), పికప్ ట్రక్కు, ఊరంతటికీ ఏడాది పొడవునా కరెంటు ఇచ్చే జనరేటర్లకు డీజిల్, ఇళ్లలో వెచ్చదనానికి నూనె, ఇవన్నీ నీళ్ల మీదే రావాలి. హే రివర్ అనే ఊరి దాకా రైల్లోనో లారీలోనో వచ్చిన సరుకు అక్కడ బార్జి ఎక్కి, గ్రేట్ స్లేవ్ సరస్సు దాటి, మెకంజీ నది వెంట 1,700 కిలోమీటర్లకు పైగా దిగి, సముద్రంలోకి వచ్చి, అక్కణ్ణుంచి తీరం వెంబడి తూర్పుకు వెళ్లాలి. ఆ తీరంలో సముద్రం దారిచ్చేది వేసవి చివర కొన్ని వారాలే. గోదావరికి వరదొచ్చి లంక ఊళ్లకు పంటు ఆగిపోతే జనం ఎంత అల్లాడతారో మనకు తెలుసు. నీళ్లు తగ్గగానే పంటు మళ్లీ కదులుతుంది. ఇక్కడ ఆగిందంటే మళ్లీ వచ్చే వేసవికే.

2018లో అదే జరిగింది. పౌలటుక్, కుగ్లుక్‌టుక్, కేంబ్రిడ్జ్ బే, ఈ మూడు ఊళ్లకూ ఆ ఏడు బార్జి రద్దు చేశారు. సముద్రంలో మంచు ఎక్కువగా ఉందన్నారు. ఉంది, కాదనను. కానీ అంతకంటే ముందే ఇంధనం హే రివర్‌కు ఆలస్యంగా చేరింది. ఎగువన పోయిన రోజులన్నీ దిగువన మంచు రూపంలో వచ్చి మీద పడ్డాయి. వేసవంతా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన వాళ్లకు, చలి ముంచుకొచ్చాక, ఈ ఏడాదికి లేదు అని చెప్పారు. తర్వాత అవసరమైన సరుకునీ ఇంధనాన్నీ విమానాల్లో పంపారు, అది చాలా ఖర్చుతో కూడిన పని. మరి విమానం తలుపులో పట్టని సామాను సంగతేంటి?

స్నోమొబైల్ రాకపోతే ఏమవుతుంది, సరదా తగ్గుతుంది, అంతేగా అని మా బంధువుల్లో ఒకాయన అడిగాడు. అక్కడ స్నోమొబైల్, పడవ అంటే తిండి. కారిబూ (అడవి రెయిన్‌డీర్) వేటకు వెళ్లాలన్నా, చార్ చేపలు పట్టాలన్నా అవే ఆధారం. కొట్లో తిండి కొనాలంటే విమానం మీద వచ్చిన ధర కట్టాలి. 2011 నుంచి న్యూట్రిషన్ నార్త్ అనే సబ్సిడీ ఉంది, అది ప్రధానంగా తిండికి. ఇంటి కప్పుకి కావలసిన సామానుకో, మోటారుకో అది పనికిరాదు. ఒక్క ఏడాది బార్జి తప్పితే ఒక ఇల్లు కట్టడం ఏడాది వెనక్కి పోతుంది, అసలే ఇళ్లు చాలక జనం ఇరుకిరుకుగా సర్దుకుంటున్న చోట.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇంకొకటి. ఈ బార్జిలు ఇప్పుడు ప్రైవేటువి కావు. పాత కంపెనీ అప్పుల్లో కూరుకుపోతే 2016 చివర్లో నార్త్‌వెస్ట్ టెరిటరీస్ ప్రభుత్వమే ఆ ఓడలూ బార్జిలూ కొని, తానే నడపడం మొదలుపెట్టింది. మంచి పనే చేసింది, కొనకపోతే ఇంకా అన్యాయం జరిగేది. కానీ సొంతం చేసుకున్నాక బాధ్యత కూడా తీసుకోవాలి కదా? పైగా కుగ్లుక్‌టుక్, కేంబ్రిడ్జ్ బే ఉన్నది పక్కనున్న వేరే ప్రాంతం నునావుట్‌లో. అక్కడి వాళ్లకు మా రాజధాని యెల్లోనైఫ్‌లోని శాసనసభకు ఓటు లేదు. తమ సరుకు చేర్చని ప్రభుత్వాన్ని ఎన్నికల్లో నిలదీసే హక్కు కూడా వాళ్లకు లేదన్నమాట. కేంబ్రిడ్జ్ బేకి కనీసం తూర్పు నుంచి వేరే ఓడలు వస్తాయి. పౌలటుక్‌కు వచ్చేది పడమటి దారే.

ఇక ఇప్పుడు నదే ఎండుతోంది. 2024లో మెకంజీలో నీళ్లు బాగా తగ్గిపోయి నార్మన్ వెల్స్, టులిటా ఊళ్లకు బార్జి వెళ్లలేకపోయింది. విమానాల్లో ఇంధనం తెచ్చారు, ఇళ్లు వెచ్చబెట్టుకునే ఖర్చు జనం నెత్తిన పడింది. కాబట్టి 2018ని ఎప్పుడో ఒకసారి జరిగిన దురదృష్టంగా చూడటం కుదరదు. ఒక రోడ్డు కొట్టుకుపోతే ప్రభుత్వం ఆ ఊరివాళ్లను రిపేరు బిల్లు కట్టమనదు. ఆ ఊళ్లకు బార్జే రోడ్డు. అది తప్పిన ఏడాది పడే అదనపు ఖర్చు, విమానం ఛార్జీతో సహా, మొత్తం ప్రభుత్వమే భరించాలి.

చేయడానికి మార్గాలు లేకపోలేదు. తీరంలో మంచు ఆలస్యంగా తొలగుతుంది కాబట్టి ఆ ఊళ్ల వంతు చివరికే వస్తుంది, ఎగువన ఎవరు ఎక్కడ ఆలస్యం చేసినా దెబ్బ వాళ్లకే తగులుతుంది. 2017 నవంబరు నుంచి ఇనువిక్ నుంచి సముద్రం ఒడ్డునున్న టుక్టోయాక్టుక్ (టుక్) దాకా ఏడాది పొడవునా నడిచే రోడ్డు ఉంది. పౌలటుక్ సరుకును చలికాలంలోనే లారీల్లో టుక్‌కు చేర్చి పెట్టండి, సముద్రం తెరుచుకున్న రోజే బయలుదేరొచ్చు, నదిలో నీళ్లున్నాయా లేవా అనే టెన్షన్ సగం పోతుంది. లారీకి ఖర్చవుతుంది, నిజమే. ఆఖరి నిమిషంలో విమానాలు మాట్లాడుకోవడం కంటే తక్కువే అవుతుందని నా నమ్మకం. ఇంకో మాట, బార్జి వస్తుందో రాదో అనుమానం మొదలైన రోజే ఊరికి చెప్పండి. ఆగస్టులో తెలిస్తే మనిషి వేరే దారి చూసుకుంటాడు. అక్టోబరులో చెబితే వాడు చేయగలిగింది ఏమీ ఉండదు.