ఉచిత ఛానెల్‌కు కూడా వెల కట్టారు

2019 ఫిబ్రవరిలో టీవీ ఛానెళ్ల ధరల మీద, టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త విధానం అమల్లోకి వచ్చినప్పుడు అందరికన్నా ఎక్కువ సంబరపడింది మాలాంటి సరిహద్దు తెలుగువాళ్లమే. చూసే ఛానెళ్లకే డబ్బు కట్టండి, అక్కర్లేనివి తీసేయించుకోండి అన్నారు. 130 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 153 రూపాయల 40 పైసలకు వంద ఉచిత ఛానెళ్లు. మరుసటి ఏడాది ఆ వందను రెండు వందలు చేశారు. చెల్లింపు ఛానెళ్లు కావాలంటే ఆపైన ఏరుకోవచ్చు. కాగితం మీద ఇంతకన్నా ధర్మమైన లెక్క ఉండదు.

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో మా ఇంటికి ఆ ఏరుకునే హక్కు ఇప్పటికీ చేరలేదు. మా కేబుల్ ఆపరేటర్ దగ్గర ఉన్నది ఒడియా, హిందీ ఛానెళ్లు కట్టిన ఒకే మూట. తెలుగు కావాలంటే దాని మీద ఇంకో మూట. అందులో చూసేవి నాలుగైతే, ఎవరూ తాకనివి పది. పిల్లల చదువు ఒడియాలో, ఇంట్లో మాట తెలుగులో, కాబట్టి రెండూ మోయాల్సిందే. కూతవేటు దూరంలో, ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో మా మేనమామగారింట్లో ఇవే తెలుగు ఛానెళ్లు మామూలు ప్యాకేజీలోనే వస్తాయి. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది, సరే. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో తెలుగు వినడానికి అదనపు రుసుమా?

బిల్లు నాలుగు వందలు దాటాక తెలుగు ప్యాకేజీ తీయించేశాను. అమ్మకు శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానెల్ ఒక్కటి ఉంటే చాలు. మధ్యాహ్నం శ్రీవారి కల్యాణం చూస్తే తప్ప ఆవిడ కంచం ముందు కూర్చోదు. తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆ ఛానెల్ ఉచితం, దానికి ధరే లేదు. మర్నాడు పన్నెండు గంటలకు పెడితే తెర మీద కల్యాణం లేదు, ‘ఈ ఛానెల్‌కు మీకు చందా లేదు’ అన్న అక్షరాలు. ఆపరేటర్ కుర్రాడిని నిలదీశాను.

"అది తెలుగు ప్యాకేజీతోనే వస్తుంది మాస్టారూ. పైనుంచి అలా పెట్టారు, మా చేతిలో లేదు."

ఆ పైనున్నవాళ్లు ఎవరో చూద్దామని కేబుల్ సంస్థ నంబరుకు ఫోను చేశాను. ఒడియాకు ఒకటి, హిందీకి రెండు నొక్కమన్నారు. ఏది నొక్కినా అదే సంగీతం. చివరికి ఒక మనిషి గొంతు పలికింది: మీ ప్రాంత ఆపరేటర్‌ను సంప్రదించండి!

ఇక వానాకాలం సంగతి. సిగ్నల్ లేదన్న ఫిర్యాదును 24 గంటల్లో సరిచేయాలని నిబంధన ఉంది. మా వీధిలో ఆ 24 గంటలు వారం దాకా సాగుతాయి. మొన్నటి గాలివానకు స్తంభం దగ్గర వైరు తెగితే కుర్రాడు తీరిగ్గా వచ్చాడు. వైరు పై తొడుగును పళ్లతో కొరికి, రాగితీగలు మెలిపెట్టి, మిఠాయి కొట్టు సంచి చుట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాడు. తర్వాతి జల్లుకే సంచిలోకి నీళ్లు దిగాయి. పోయిన రోజులకు రీఛార్జ్ పొడిగిస్తారా అంటే, పొడిగించరు. గడువు ముగిసిన అర్ధరాత్రి మాత్రం ఠంచనుగా ఆపేస్తారు. ఆ ఒక్క పనిలో ఏనాడూ సాంకేతిక లోపం రాదు!

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. జనం ఫోన్లలో చూడటం మొదలుపెట్టాక అతని కనెక్షన్లు తగ్గిపోతున్నాయి. ధరలు పెంచేది ప్రసార సంస్థలు, వాటికి దారి ఇచ్చింది ట్రాయ్. ప్యాకేజీలో కలిపే ఛానెల్ ధర 12 రూపాయలు దాటకూడదని 2020లో చెప్పి, 2022 నవంబరులో మళ్లీ 19కి తెచ్చారు. 2024 జూలైలో 130 రూపాయల పరిమితిని కూడా ఎత్తేశారు. పోటీ ఉంది కాబట్టి ధరలు అవే అదుపులో ఉంటాయట. మా వీధిలో ఒకే వైరు ఉంది, పోటీ దేనితో?

నెలవారీ చందా లేని దూరదర్శన్ ఫ్రీ డిష్ పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లకు ఒక మాట. పెట్టుకునేవాడినే, కానీ మా ఆవిడ సీరియల్ అందులో రాదు. ఆ గొడవ మీరొచ్చి తీర్చండి.

ప్రస్తుతానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. రుజువుగా రసీదులు పెడదామంటే ఒక్కటీ లేదు. ఇన్నేళ్లలో మా ఆపరేటర్ రసీదు ఇచ్చిన పాపాన పోలేదు. ఈ నెల రసీదు ఇస్తేనే డబ్బు అని చెప్పాను. మన ఊళ్లో రసీదు రాసిచ్చే ఆపరేటర్ ఎవరైనా ఉంటే కింద చెప్పండి, రేపే కనెక్షన్ మార్చేస్తాను.